పాతర దిగే చదువు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో వాళ్ళంటారు, నా దగ్గర చదువుకున్న పిల్లలంటారు, నా కథలు వేసుకునే పత్రికల వాళ్ళూ అంటారు. కాదని నేనెప్పుడూ అనలేదు. పోయిన నెల ఆ కోపమంతా తీసుకెళ్ళి ఏ పాపమూ ఎరగని ఒక అమ్మాయి మీద కుమ్మరించాను. ధాన్యం గోడౌన్లలో పనిచేయడానికి మా వైపు పిల్లలకు శిక్షణ ఇస్తున్నారట. అది ముగిసే రోజు సర్టిఫికెట్లు పంచడానికి నన్ను పిలవాలని వచ్చింది. గోరంట్ల పిల్ల. చెప్పులు గడప అవతలే విడిచి, నేనిచ్చిన మజ్జిగ గ్లాసు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. శాలువా ఏ రంగుదైతే నాకు నచ్చుతుందని కూడా అడిగింది. శాలువా సంగతి తరువాత, ముందు ఆ పిల్లలకు ఏమేమి నేర్పుతున్నారో చెప్పమన్నాను. గింజలో తేమ చూడటం, బస్తాలు పేర్చడం, పురుగు పట్టకుండా మందు పెట్టి పట్టలు కప్పడం, ఇలా ఫోనులో చూసి చదివింది.

"మందు పెట్టిన గోడౌను మళ్ళీ తెరిచేది ఎప్పుడు నేర్పుతారమ్మా?" అని అడిగాను.

"అది ఆఖరి దినం మేడమ్. ఆ దినం మీ సభ ఉండాది కదా, టైము చాలదని ఆ క్లాసు తీసేసినారు. వీడియో గ్రూపులో పెడతాము. పిల్లోళ్ళు ఇంట్లో చూసుకుంటారు."

ఆ తరువాత నేనేమన్నానో నాకే సరిగ్గా గుర్తు లేదు. లోపలి గదిలో చదువుకుంటున్న మనవరాలు భయపడి బయటికి వచ్చిందంటే గట్టిగానే అరిచి ఉంటాను. ఆ అమ్మాయి సగం తాగిన గ్లాసు కింద పెట్టి, "వస్తా మేడమ్" అని మెల్లగా వెళ్ళిపోయింది. ముసలావిడకు మతి చెడిందని బస్సెక్కేదాకా అనుకుని ఉంటుంది. ఆమె వెళ్ళాక ఆ గ్లాసు నేనే తీసి కడిగాను. అంతగా ఎందుకు అరిచానో చెప్పాలంటే మా నాయన సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళుగా ఎన్నెన్నో రాసి, ఇది మాత్రం రాయకుండా దాటుకుంటూ వచ్చాను.

మా ఊరు కదిరి నుంచి నల్లమాడకు పోయే దారికి కాస్త పక్కన ఉండేది. చుట్టూ బోడిగుట్టలు, రాళ్ళు ఏరి ఏరి విసుగుపుట్టే ఎర్రనేల, ఎప్పుడో ఒకసారి పలకరించిపోయే వాన. ఊళ్ళో కాస్త జొన్నలు నిలవ ఉండేది ఒక్క పెద్దింటి రెడ్డి దగ్గరే. ఆ జొన్నలు ఇంట్లో కాదు, నేలలో ఉండేవి. కల్లం పక్కన గట్టినేల చూసి గొయ్యి తవ్వుతారు. మూతి ఒక మనిషి దూరేంత, లోపలికి పోయేకొద్దీ కడుపు వెడల్పు. అడుగునా గోడలకూ చొప్ప పరిచి, జొన్నలు నింపి, మూతికి బండ వేసి, పేడమట్టి మెత్తుతారు. దాన్నే పాతర అంటారు. కరువు వచ్చినప్పుడో, ధర పెరిగినప్పుడో తెరుస్తారు. కూలికి పోయిన వాళ్ళకు కొలిచేది కూడా ఆ జొన్నలే. పైన ఉన్న మంచివి సంతకు, అడుగున చెమ్మకు రంగు మారినవి మాకు. పాతర జొన్నల రొట్టె కాలుస్తుంటే పులిసిన గంజి వాసన, తడిమట్టి వాసన కలిసి వచ్చేది. ఆ వాసన ఇష్టమని ఇప్పుడు ఎవరైనా వ్యాసాలు రాస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇష్టం కాదు, వేరే గతి లేదు.

పాతర రెడ్డిది. దిగేది మేము. మాది పల్లెకు తూర్పున, చర్చి గుడిసె చుట్టూ ఉన్న ఇళ్ళలో ఒకటి. మా నాయన పేరు దేవదానం. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. పాతర మూతిలో దూరడానికి ఆ ఒళ్ళే పనికొచ్చింది. ఆయన నాయనా, ఆయన తాతా అదే పని చేశారు. లోపలికి దిగి, గంపలకు జొన్నలు నింపి పైకి అందించాలి. పని ముగించి ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా దుమ్ము. భుజాలు రెండు వైపులా గీరుకుపోయి ఉండేవి. మా అమ్మ రూతమ్మ వాకిట్లోనే నీళ్ళు పోసి, వీపు రుద్ది, అప్పుడు గాని గడప తొక్కనిచ్చేది కాదు. ఆ పూట ఆయన అన్నం ముందు కూర్చుని దగ్గుతూ ఉంటే మేమంతా ఆ దగ్గు ఆగేదాకా ముద్ద నోట్లో పెట్టుకోకుండా చూసేవాళ్ళం. రెడ్డి ఇంట్లో ఎవరూ ఏనాడూ ఆ గోతిలోకి తొంగి కూడా చూడలేదు.

పాతర తెరవడానికి ఒక పద్ధతి ఉండేది. ఆ పద్ధతికి మా జేజి, అంటే నాయన వాళ్ళ అమ్మ, పెద్ద. పళ్ళు లేని నోట్లో వక్కాకు నానబెట్టుకుంటూ, ఎవరి మాటా వినకుండా, పొద్దు పొడవగానే కల్లం దగ్గరికి పోయి కూర్చునేది. పాతరను ఆమె కడుపు అనేది. "మూసిన కడుపప్పా, ఊరికే చెయ్యి పెట్టకూడదు" అనేది. బండ తీసి, లోపల పట్టిన ఆవిరి పోయేదాకా ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. పొద్దు నెత్తి మీదికి వచ్చాక, ఆముదం పోసిన ప్రమిదను కుండపెంకులో పెట్టి, తాళ్ళు కట్టి, మెల్లగా లోపలికి వదిలేది. దీపం ఆరిపోతే లోపల గాలి లేనట్టు. మనిషి దిగితే పైకి రాడు. అప్పుడు ఇంకా ఆగాలి. దీపం జొన్నలదాకా పోయి కూడా నిలబడి వెలిగితే, "పో నాయనా" అనేది. రెడ్డి ఎంత తొందరపెట్టినా ఆమె ఆ మాట అనకుండా మా నాయన దిగేవాడు కాదు. ఈ పద్ధతి మూఢనమ్మకం కాదు. దాని వల్లే మా ఇంట్లో మూడు తరాల మగవాళ్ళు ఆ గోతుల్లోంచి ప్రాణాలతో పైకి వచ్చారు.

అలాంటి కాలంలో ఒక వేసవిలో ధాన్యం నిలవచేసే శిక్షణ అని మొదలుపెట్టారు. ఎవరు మొదలుపెట్టారో, ఏ శాఖో నేను పేరు పెట్టి చెప్పను. ఆ శాఖకు ఇప్పుడు ఆ ఊసే ఉండదు. పెద్ద ఊరి బడికి సెలవులు కాబట్టి ఆ గదుల్లోనే పాఠాలు. ఊరికొక రైతును పంపమన్నారు. రెడ్డి కొడుకు మొదటి రోజు పోయి, అక్కడ చేతులతో జొన్నలు కలపమంటున్నారని విని, మరునాడు మా నాయనను పంపాడు. అలా ఎవరికో రావలసిన చదువు మా ఇంటికి వచ్చింది. ఆ పాఠాలు బాగా నేర్చినవాళ్ళకు కదిరిలో కట్టబోయే గోడౌనులో ఉద్యోగం ఇస్తారని అక్కడి మాస్టారు చెప్పాడట. మా నాయన ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పిన మాట నేను మరిచిపోలేదు.

"గోడౌనంటే గోతిలో దిగేది లేదంటమ్మే. దానికి తలుపు ఉంటాదంట. నిలబడి నడుచుకుంటా పోవచ్చంట" అన్నాడు మా అమ్మతో.

నిలబడి నడుచుకుంటూ లోపలికి పోయే పని. మా నాయన ఆశంతా అదే. ఆ ఆశను ఎగతాళి చేసినవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. జేజి కూడా మొదట్లో చేసింది. అక్కడ మధ్యాహ్నం గోధుమరవ్వ ఉప్మా పెడతారని విని, "నా కొడుకు ఉప్మా తినే దొరైనాడు" అని వాకిట్లో అందరికీ చెప్పింది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. తెల్లవారుజామునే సంగటి ముద్ద మూట కట్టుకుని నడిచిపోయి, పొద్దుగూకేవేళకు తిరిగి వచ్చేవాడు. ఉప్మా పెట్టినా ఆ మూట మానలేదు. మొదటి రోజు వడ్డించేటప్పుడు కొందరు ఈయన పక్కన కూర్చోకుండా లేచిపోయారని తరువాత అమ్మ చెప్పింది.

మా నాయనకు చదవడం రాదు. రాసుకోవడం అసలు రాదు. మాస్టారు బల్ల మీద సుద్దతో రాసేది మిగిలినవాళ్ళు కాగితాల మీద ఎక్కించుకుంటుంటే, ఈయన చెవులతో ఎక్కించుకునేవాడు. చర్చిలో మా వాళ్ళంతా వాక్యాలు అలాగే నేర్చుకున్నారు. పాదిరిగారు ప్రశ్న అడగాలి, మనం జవాబు చెప్పాలి. జవాబు తప్పితే మళ్ళీ మొదటి ప్రశ్న నుంచి. మా ఇంట్లో శిక్షణ కూడా అలాగే సాగింది. రాత్రి సంగటి తినేటప్పుడు అమ్మ ప్రశ్న అడిగేది, నాయన జవాబు చెప్పేవాడు. ఆ రోజు కొత్తగా చెప్పింది చివర చేర్చేవాళ్ళు. కొన్నాళ్ళకు ఆ పాఠమంతా అమ్మకు వచ్చేసింది, నాకు వచ్చేసింది, ఎగతాళి చేసిన జేజికీ వచ్చేసింది.

"గింజ ఎండిందని ఎట్ల తెలుస్తాది?" అని అమ్మ అడిగేది.

"పండ్ల సందున పెట్టి కొరికితే టక్కుమనల్ల. మెత్తగా నలిగితే ఇంకా ఎండబెట్టల్ల."

"పాతర యాడ తవ్వల్ల?"

"మిట్టన. వాన నీళ్ళు పారే తావున కూడదు."

"గాజు గుళిక యాడ పగలగొట్టల్ల?"

"గుడ్డలో చుట్టి, మొకం పక్కకు తిప్పుకోని, జొన్నల లోపల చెయ్యి పెట్టి పగలగొట్టల్ల. చెయ్యి తీసి సబ్బు పెట్టి కడుక్కోవల్ల."

"ఆయనెనక?"

"బండ మూసి, పేడమట్టి మెత్తల్ల. బీటలు లేకుండా చూడల్ల."

"ఆయనెనక?"

"తెరిచేది రేపు చెప్తారంట. ఆడ మందు పెట్టిన పాతర ఒకటి ఉండాది. దాన్ని మా అందరితోనే తెరిపిస్తారంట."

ఆ గాజు గుళికలే ఆ శిక్షణలో కొత్త సంగతి. చిటికెన వేలంత గాజుగొట్టాలు, లోపల నీళ్ళలాంటి మందు. పగిలితే ఆవిరై జొన్నల్లో పురుగును చంపుతుంది. పురుగును చంపేది మనిషిని ఏం చేస్తుందన్నది ఆ రేపటి పాఠం. మరునాడు నాయన ఇంటికి వచ్చేసరికి మెడలో చామంతి దండ ఉంది, చేతిలో చుట్టిన సర్టిఫికెట్ ఉంది. మేమంతా ఆ కాగితాన్ని ముట్టుకోవాలని తోసుకున్నాం. అమ్మ చేతులు తుడుచుకుని దాన్ని దీపానికి దూరంగా పట్టుకుని చూసి, బైబిల్లో పెట్టింది. తరువాత అలవాటు ప్రకారం ప్రశ్నలు మొదలుపెట్టి చివరికి వచ్చింది.

"ఈ పొద్దు పాఠం లేదు" అన్నాడు నాయన. "ఎవురో పెద్దాయన రెండు దినాలు ముందే వచ్చేసినాడంట. పొద్దున్నుంచీ తోరణాలు కట్టినాం, బడి ముందర నీళ్ళు చల్లినాం. ఆయన వచ్చి మాట్లాడినాడు. అందరినీ నిలబెట్టి ఫోటో తీసినారు. నేను ఆ కొసన ఉండా."

"మరి ఆ పాతర తెరిచేది?"

"మాస్టర్ని అడిగితిమి. అది చిన్న సంగతే, మళ్ళీ చెప్తాలే అన్నాడు. బస్సు టైమైందని ఆ పెద్దాయన వెనకాలే పాయె."

అక్కడ జేజి అందుకుంది. "తెరిచేది నా కొడుక్కు వాళ్ళు నేర్పేదేంది? వాళ్ళ తాత నాటి నుంచీ తెరస్తానే ఉండాము" అంది. నాయన కూడా తలూపాడు. మందు పెట్టడం కొత్త, మూయడం కొంచెం కొత్త, తెరవడం మాత్రం మాకు తెలిసిన విద్య. తెలియనిదేదో ఉందని అనుమానం రావడానికైనా ఎవరో ఒకరు ఒక మాట చెప్పి ఉండాలి కదా. మా వాళ్ళ తప్పు అంటే అదొక్కటే, తమకు బాగా వచ్చిన పనిని నమ్ముకోవడం. దాన్ని నేను తప్పు అనను. ఆ పెద్దాయన ముందుగా వచ్చి ఏం మాట్లాడాడో నాయన ఎంత గుర్తు చేసుకున్నా చెప్పలేకపోయాడు. రైతే దేశానికి వెన్నెముక అన్నాడట, అంతవరకే గుర్తుంది. వినగానే మరిచిపోయే మాటల కోసం, ప్రాణం నిలబెట్టే మాటను పక్కకు నెట్టారు.

ఆ వేసవిలోనే రెడ్డి పాతర నింపారు. మా నాయనే జొన్నలు కొరికి చూసి సరే అన్నాడు. చెప్పినట్టే గుళికలు పగలగొట్టాడు, చెప్పినట్టే చేతులు కడుక్కున్నాడు, చెప్పినట్టే మెత్తాడు. రెడ్డి కూడా పక్కన నిలబడి చూసి, "మా దేవదానం ఆఫీసరైనాడప్పా" అని నలుగురి ముందూ అన్నాడు. మామూలుగా అయితే ఆ పాతర కార్తె మారి, వానలు తేలి, కరువు సంగతి తెలిసేదాకా తెరిచేవాళ్ళు కాదు. కానీ వారం తిరిగిందో లేదో హిందూపురం వైపు వ్యాపారి ఒకడు లారీ తెచ్చుకుని వచ్చి మంచి ధర చెప్పాడు. రెడ్డి మా ఇంటికి మనిషిని పంపాడు. మా నాయన పోయి, ఇంత తొందరగా తెరవడమెందుకని అడిగాడు.

"ఏరా, సర్టిఫికెట్ తీసుకున్నోనివి, నీకూ బయమేనా?" అన్నాడు రెడ్డి.

"బయం కాదు సామీ. అమ్మ వచ్చి దీపం ఇడిసినాంక దిగుతా" అన్నాడు నాయన.

జేజి వచ్చింది. బండ తీయించింది. లారీ డ్రైవరు విసుక్కుంటున్నా, రెడ్డి అటూ ఇటూ తిరుగుతున్నా, పొద్దు నెత్తి మీదికి వచ్చేదాకా కదలనివ్వలేదు. నేను అమ్మతో కలిసి కల్లం గట్టు మీద కూర్చుని అంతా చూశాను. ఆమె దీపం వెలిగించి వదిలింది. అది కిందికి పోతూ పోతూ జొన్నల మీద నిలబడింది. మేమంతా వంగి చూశాం. ఎప్పటిలాగే పచ్చగా, నిటారుగా వెలిగింది. ఆరలేదు, కనీసం వణకలేదు. "పో నాయనా" అంది జేజి.

లోపలి నుంచి నాయన గంపలు అందిస్తూనే, "తియ్యగా వాసనొస్తాండాది" అన్నాడు. పైన ఉన్నవాళ్ళు నవ్వారు. లారీ నిండేదాకా దిగుతూ ఎక్కుతూ ఉన్నాడు. పైకి వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి, తల తిరుగుతోందన్నాడు. అమ్మ నీళ్ళు పోస్తుంటే వాకిట్లోనే వాంతి చేసుకున్నాడు. పొద్దుగూకేసరికి ఊపిరి తీసుకోవడం కష్టమైంది. తెల్లవారగానే ఎద్దులబండి కట్టి కదిరి ఆసుపత్రికి బయలుదేరారు. ఆ బండి సగం దారిలోంచే తిరిగి వచ్చేసింది. లారీ మాత్రం ముందురోజే వెళ్ళిపోయింది. ఆ జొన్నలు ఏ ఊళ్ళో ఎవరి ఇంట రొట్టెలయ్యాయో నాకు తెలియదు. మా నాయనను పూడ్చిన మరునాడు రెడ్డి ఒక మూట జొన్నలు పంపాడు. అమ్మ ఆ మూటను వాకిట్లోనే ఉంచింది. ఎవరూ విప్పలేదు.

జేజి ఆ తరువాత ఇంకా చాలాకాలం బతికింది. వక్కాకు నమలడం మానేసింది. ఎవరు పరామర్శకు వచ్చినా ఒకే మాట అడిగేది. "దీపం ఎలిగింది కదప్పా. నా కండ్లతో చూస్తిని. ఎలిగినాంక ఎట్ల పాయ నా కొడుకు?" అనేది.  దానికి జవాబు నాకు దొరికింది అనంతపురం కాలేజీలో చేరాక. మా రసాయనశాస్త్రం మేడమ్ రెండు ముక్కల్లో చెప్పింది. దీపానికి కావలసింది గాలి. లోపల గాలి ఉంది కాబట్టి వెలిగింది. ఆ గాలిలో విషం కలిసి ఉంటే ఆ సంగతి దీపానికి తెలియదు. ఆ మందు ఆవిరి గాలికన్నా బరువు. మనం పైన బండ తీసి ఎంత కూర్చున్నా అది అడుగునే ఉంటుంది. ఇంటికి పరుగెత్తి జేజికి చెప్పాలనుకున్నాను. అప్పటికి ఆమె లేదు. తన కొడుకును తన చేతులతో తానే దింపానని అనుకుంటూనే పోయింది. దానికి నేను ఎవరినీ క్షమించలేను.

ఇంకొకటి చెప్పాలి. నాయన చనిపోయిన కొన్నాళ్ళకు తాలూకా నుంచి ఒక ఆఫీసరు విచారణకు వచ్చాడు. ఆయన వెంట ఆ మాస్టారూ వచ్చాడు. కల్లం దగ్గర రెడ్డి మంచం వేయించాడు. మా అమ్మను పిలిపించారు. శిక్షణ పొందిన మనిషి అని తెలిస్తే ఏదైనా ఆసరా చూపిస్తారేమోనని, అమ్మ బైబిల్లోంచి ఆ సర్టిఫికెట్ తీసి, కొంగులో చుట్టి తీసుకుపోయింది. అడగకముందే ఇచ్చింది. ఆఫీసరు దాన్ని చదివి మాస్టారి వైపు చూశాడు.

"తెరిచేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు చెప్పారా?" అని అడిగాడు.

"అన్నీ చెప్పామండి. సర్టిఫికెట్ ఊరికే ఇవ్వం కదండీ" అన్నాడు మాస్టారు. ఆయనది కోస్తా మాట. మెత్తగా, మర్యాదగా ఉంటుంది. అంత మర్యాదగా అబద్ధం చెప్పడం నేను అదే మొదటిసారి విన్నాను.

మా అమ్మ ఎప్పుడూ పరాయి మగవాళ్ళ ముందు తలెత్తి మాట్లాడిన మనిషి కాదు. ఆ రోజు కొంగు నడుముకు దోపుకుని, "సార్, మా ఇంటాయన దినామూ ఇంటికొచ్చి మాకు ఒప్పజెప్తా ఉండె. మీరు ఇనండి" అంది. అక్కడే నిలబడి మొదటి ప్రశ్న నుంచి మొదలుపెట్టింది. ప్రశ్నా ఆమే, జవాబూ ఆమే. గింజ కొరకడం, మిట్ట చూడటం, గుడ్డ చుట్టడం, ముఖం తిప్పుకోవడం, సబ్బు, బండ, పేడమట్టి. ఒక్క మాట పోలేదు, ఒక్క మాట వెనకాముందూ కాలేదు. బీటలు లేకుండా చూడల్ల అన్న దగ్గర ఆగింది.

"ఇంతే సార్. దీనెనక మా ఇంటికి ఏ మాటా రాలేదు. ఈ సారు చెప్పింటే వచ్చిండును. ఏ దినం చెప్పినాడో ఆయన్నే అడుగు" అంది.

మాస్టారు కాళ్ళ కింది చొప్పను చూస్తూ నిలబడ్డాడు. నాయనతో కలిసి ఫోటో దిగిన పక్క ఊళ్ళవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆ గుంపులోనే ఉన్నారు. వాళ్ళకు గోడౌను ఉద్యోగాలు ఇంకా రావలసి ఉంది. ఒక్కరూ నోరు తెరవలేదు. ఆఫీసరు కలం తీశాడు. చెడ్డమనిషిలా కనిపించలేదు. కానీ ఆ మాస్టారు చెప్పలేదని రాస్తే, ఎందుకు చెప్పలేదని రాయాలి. అది రాస్తే ఆ పెద్దాయన పేరు రాయాలి. చివరికి ఆయన రాసి పైకి చదివింది ఇదే, శిక్షణ పొంది కూడా మృతుడు అజాగ్రత్తగా దిగినాడు. మా అమ్మ తన చేత్తో తీసుకుపోయి ఇచ్చిన సర్టిఫికెట్టే సాక్ష్యం. అది లేకపోయి ఉంటే మా నాయన పాపం తెలియక పోయినవాడు అయ్యేవాడు. అది ఉండటం వల్ల తెలిసీ పోయిన తెలివితక్కువవాడయ్యాడు. చదువు చెప్పకపోగా, చదువు చెప్పామన్న కాగితంతోనే మనిషి మీద నేరం మోపారు. ఇంత పెద్ద మోసం నా జీవితంలో మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో పాతరలు లేవు. జొన్న చేలూ లేవు, వేరుశనగ వచ్చి మింగింది, ఇప్పుడు అదీ పోతోంది. మేము గతిలేక తిన్న కొర్రలనూ జొన్నలనూ పట్నంలో ఒంటికి మంచివని అద్దాల బీరువాల్లో పెట్టి అమ్ముతున్నారు. గోడౌన్లు వచ్చాయి. వాటికి తలుపులున్నాయి. మా వైపు పిల్లలు నిలబడే లోపలికి నడుస్తున్నారు. ఉప్మా దగ్గర అందరూ పక్కపక్కనే కూర్చుంటున్నారు, ఎవరూ లేచిపోవడం లేదు. ఇవన్నీ మంచివి కాదని నేననను. మా నాయన చూస్తే సంతోషించేవాడు. కానీ పెద్దవాళ్ళు వస్తున్నారంటే పాఠం ఆపేసే బుద్ధి మాత్రం పోలేదు. ఈసారి వస్తున్న పెద్దమనిషిని నేనేనన్నది ఆ అమ్మాయి మాట్లాడుతున్నప్పుడే నాకు తెలిసొచ్చింది.

మరునాడు ఆ అమ్మాయికి ఫోన్ చేసి, అరిచినందుకు ఏమీ అనుకోవద్దన్నాను, వస్తానన్నాను. పోయాను. షామియానా, బ్యానరు మీద నా ఫోటో, వేదిక మీద నాతో పాటు మరో నలుగురు. దండ వేశారు, శాలువా కప్పారు. మైకు నా చేతికిచ్చాక నేను సందేశం ఇవ్వలేదు. కింద వరసల్లో ఒకే రంగు చొక్కాలు వేసుకుని కూర్చున్న పిల్లలను ఒక్క మాట అడిగాను. మందు పెట్టి మూసిన గోడౌను ఎలా తెరుస్తారని.  మధ్య వరసలో ఒక అబ్బాయి నవ్వుతూ లేచాడు.

"తెరిచేదానికి ఏముంది మేడమ్. తాళం తీస్తే సరి" అన్నాడు.

అందరూ నవ్వారు. వేదిక మీద నా పక్కనున్న పెద్దమనిషి కూడా నవ్వాడు. నేను మైకు కింద పెట్టలేదు. ఆ పాఠం ఇక్కడే, ఇప్పుడే, నా ముందు చెప్పాలని, చెప్పేదాకా సర్టిఫికెట్ కట్ట ముట్టుకోనని అన్నాను. నిర్వాహకుడు చెవి దగ్గరికి వచ్చి, "మేడమ్, పెద్దోళ్ళు ఎదురు చూస్తాండారు, టైము లేదు" అన్నాడు. "ఉండనీ అప్పా" అన్నాను. ఎవరు ఏమనుకున్నా సరేనని వేదిక దిగి, ఆ పిల్లల వరసలో ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నన్ను పిలవడానికి వచ్చిన అమ్మాయి ఒక మూల నుంచి పాఠం చెప్పే కుర్రవాడిని చెయ్యిపట్టి ముందుకు తోసింది.

అతను గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "తలుపు తీసిన వెంటనే ఎవరూ లోపలికి పోకూడదు. అన్ని తలుపులూ, కిటికీలూ తీసి గాలి ఆడనియ్యాలి. విషం పోయిందో లేదో మీటరు పెట్టి చూసుకోవాలి. ఆ తరువాతే మనిషి కాలు పెట్టాలి" అన్నాడు. నవ్విన అబ్బాయి ఇప్పుడు నవ్వడం లేదు. ముందుకు వంగి వింటున్నాడు. నాకు మాత్రం ఆ తరువాతి మాటలేవీ వినబడలేదు. ఆ మొదటి మాట చెప్పడానికి ఆ కుర్రవాడికి పట్టిన సమయం, నా మెడలో దండ వేయడానికి పట్టిన దానికన్నా తక్కువ. మా నాయనకు ఆ మాట చెప్పడానికి వాళ్ళకు తీరిక లేకపోయింది.